చేతిఫోనులో సంభాషణ: రెండు భాషల నడిమి వంతెన

హైదరాబాదునందలి తల్లి అమెరికాయందున్న కుమారునితో చేతిఫోనున ముఖాముఖిగా మాటలాడుచున్నదనుకొందము. మాట ఒకరి నోరు వెడలి రెండవవారి చెవి చేరుటకు 150 మిల్లీసెకనులు మించకుండుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సమాఖ్య సూచించినది. మిల్లీసెకననగా సెకనులో వెయ్యవ వంతు. ఆ కొద్ది కాలములో దాదాపు సగమైనను సముద్రగర్భపు తీగెలలోని ప్రయాణమునకే పోవును. మిగిలినదానిలో ఫోను తన పని యంతయు ముగింపవలెను.

ఈ పని చేయు ప్రోగ్రాముల సముదాయమును లైబ్రరీ యందురు. ఇందును ఒకరు వ్రాసియుంచినదానిని పలువురు వాడుకొందురు గాని, గడువులోపల తిరిగి యిచ్చు నిర్బంధము లేదు. గూగుల్ కంపెనీ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అను సంస్థను కొని, 2011లో వెబ్‌ఆర్‌టీసీ యను లైబ్రరీని అందఱికిని ఉచితముగా విడుదల చేసెను. దాని గర్భమంతయు సీ ప్లస్ ప్లస్ భాషలో నున్నది. ఆండ్రాయిడ్ ఫోనులలోని అప్లికేషనులో, జావా, కోట్లిన్ భాషలలో వ్రాయబడును. ఈ రెంటిని కలుపు వంతెనకు జావా నేటివ్ ఇంటర్‌ఫేస్ అని పేరు. చిక్కులన్నియు నిచ్చటనే పుట్టుచున్నవి.

జావాలో వాడి విడిచిన మెమరీని ఊడ్చి శుభ్రపఱచు యంత్రాంగము తనంత తానే పనిచేయుచుండును. సీ ప్లస్ ప్లస్‌లో నట్లు కాదు. తెచ్చుకొన్నవాడే తిరిగి అప్పగింపవలెను. జావావైపు వస్తువునకు ఆవలి వస్తువు కనబడదు. దాని చిరునామాను మాత్రము ఒక సంఖ్యగా దాచుకొనును. ఇల్లు కూల్చిన పిమ్మట ఆ చిరునామాకు కబురంపినచో అప్లికేషను మాటలాడుచుండగనే కూలిపోవును. తల్లికి కారణమైనను తెలియదు. అందుచే వెబ్‌ఆర్‌టీసీ కర్తలు, ఆవలి వస్తువును విడిచిపెట్టిన వెంటనే ఈ సంఖ్యను సున్నగా మార్చి, పిదప వచ్చు ప్రతి పిలుపునందు సున్నయా యని చూచి, సున్నయైనచో తప్పిదమును స్పష్టముగా ప్రకటించునట్లు చేసిరి. ఈ లైబ్రరీ యంతటిలో ఇంత చవుకగా ఇంత మేలు చేయు ఏర్పాటు వేఱొకటి లేదని నా తలంపు.

ఇక బరువు సంగతి. మైక్రోఫోను సెకనునకు 48,000 పర్యాయములు ధ్వనిని కొలిచినచో, ప్రతి 10 మిల్లీసెకనులకు 480 కొలతలు వంతెన దాటవలెను. ఇది స్వల్పము. 1280 చుక్కల వెడల్పును 720 చుక్కల యెత్తును గల చిత్రమో, చుక్కకు ఒకటిన్నర బైట్ల చొప్పున 13,82,400 బైట్లగును. సెకనునకు 30 చిత్రములన్న, 4,14,72,000 బైట్లు. ఇంత మూటను ప్రతిమాఱును నకలు తీసి మోయించిన ఫోను వేడెక్కును, బ్యాటరీ తఱుగును. కావున చిత్రమున్నచోటనే యుంచి, అది యెక్కడ నున్నదో ఆ గుఱుతును మాత్రమే దాటింతురు.

సీ ప్లస్ ప్లస్‌వైపు పుట్టిన థ్రెడ్డు, అనగా విడిగా సాగు పనివరుస, జావావైపునకు కబురు పంపుటకు ముందు అచ్చట తన పేరు నమోదు చేయించుకొనవలెను. ముగియు ముందు కొట్టివేయించుకొనవలెను.

ఐఫోనులో ఆబ్జెక్టివ్ సీ ప్లస్ ప్లస్ అను మిశ్రభాష యుండుటచే వంతెన పొట్టిది. అయినను రెండు వస్తువులు ఒకదాని నొకటి పట్టుకొని విడువకున్నచో, సంభాషణ ముగిసి ఇరువురును సెలవు పుచ్చుకొన్న తరువాతను, కెమెరా పనిచేయుచున్నదను పచ్చని చుక్క తెఱపై వెలుగుచునే యుండవచ్చును.