చుక్కలు అడిగే లెక్క

సంక్రాంతి నెలలో పెద్ద ముగ్గుకు కూర్చునే ముందు ఆడవాళ్ళు చెప్పుకునే మాట ఒకటుంది: "ఏడు చుక్కలు, సరి చుక్క, ఒకటి దాకా." నడిమి వరసలో ఏడు, దాని పైనా కిందా ఐదేసి, ఆపైన మూడేసి, కొసన ఒక్కొక్కటి. ఈ ఒక్క ముక్క చెవిన పడితే చాలు, ఎదురింటావిడ కూడా తన వాకిట్లో అవే చుక్కలు పెట్టేస్తుంది. లెక్కల మాస్టారైతే దీన్ని సూత్రమంటారు. వాకిట్లో ఆ పేరెవరూ ఎత్తరు కాబట్టి పిల్లలు బెదరరు.

రెండో తరగతి చదివే మా మనవరాలు పక్కన చేరి, "మొత్తం ఎన్ని చుక్కలు అమ్మమ్మా?" అంది. లెక్కపెట్టుకోమన్నాను. 25. ఐదు చుక్కల ముగ్గుకు 13, మూడు చుక్కలదానికి 5. ఒక్క చుక్కే పెట్టి వదిలేస్తే 1. సుద్దముక్కతో గచ్చు మీద రాయించాను: 1, 5, 13, 25. మరి తొమ్మిది చుక్కల ముగ్గుకో? జవాబు నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిల్ల కాసేపు గచ్చు వైపే చూసి, ఒక్కో అంకెలోంచి దాని ముందుదాన్ని తీసేసింది. 4, 8, 12. "నాలుగో ఎక్కం!" అని అరిచి 41 రాసింది. నమ్మకం చాలక చుక్కలన్నీ పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. 41.

చాలామంది పెద్దలు ఇక్కడే చప్పట్లు కొట్టి లేచిపోతారు. నాకు మాత్రం అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుందనిపిస్తుంది: నాలుగే ఎందుకు పెరుగుతోంది? ముగ్గు పెద్దదైన ప్రతిసారీ చుట్టూ కొత్త అంచు వస్తుంది. ఆ అంచుకు నాలుగు పక్కలు. ఒక్కో పక్కకు, కిందటి అంచు కంటే ఒక చుక్క ఎక్కువ పడుతుంది. అంతే. ఇంకో తమాషా చేయొచ్చు. ఏడు చుక్కల ముగ్గులో కొస చుక్క నుంచి మొదలుపెట్టి, అన్ని వైపులా చుక్క విడిచి చుక్కకు ఎర్రరంగు వేయండి. తల వాల్చి చూస్తే ఎర్రచుక్కలు నాలుగు నాలుగుల గడి, తెల్లచుక్కలు మూడు మూళ్ళ గడి. 16, 9 కలిస్తే 25.

ఇంకా చిన్నవాళ్ళకు, నాలుగైదేళ్ళ వయసులో, అంకెల కంటే పూలదండ మేలు. బంతి, బంతి, చామంతి; బంతి, బంతి, చామంతి. తర్వాతేమిటని అడిగితే కొందరు బంతి, చామంతి, బంతి, చామంతి అని గుచ్చుకుపోతారు. తిరిగి తిరిగి వచ్చే ముక్క మూడు పూలదని వాళ్ళ కంటికింకా ఆనలేదన్నమాట. తిట్టకండి. దండ నడిమి పువ్వొకటి తీసేసి అక్కడ ఏముండేదో అడగండి. అదే దండను చప్పట్లుగా మార్చమనండి: చప్పట్లు రెండు, చిటిక ఒకటి. పూలు పోయి చప్పుళ్ళు వచ్చినా వరస అదేనని తెలిసిన పిల్లకు సగం పని అయిపోయినట్టే.

బడి ప్రశ్నపత్రాలతో నాకో పేచీ ఉంది. 1, 2, 4 తర్వాత ఏది అని అడిగి 8 రాస్తేనే మార్కు వేస్తారు. ఒకటి, రెండు, మూడు చొప్పున పెంచుకుంటూపోయిన పిల్ల 7 రాస్తుంది. దాని వరసా వరసే. "ఎలా వచ్చింది తల్లీ?" అని అడిగాకే టిక్కో ఇంటూనో పెట్టాలి.

ముగ్గుల లెక్క పిల్లలాటతో ఆగిపోలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, ఆయన భార్య రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో తమిళుల కోలాలను కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణాలతో వర్ణిస్తూ పరిశోధన పత్రం రాశారు.

మనకు ఎక్కాలు చాలు. వాటిని బట్టీ పట్టించడమే తెలుసుగానీ ముగ్గుగా వేయించి చూశారా? కాగితం మీద గుండ్రంగా పది చుక్కలు పెట్టి, 0 నుంచి 9 దాకా అంకెలు వేయండి. రెండో ఎక్కంలో ఒకట్ల స్థానపు అంకెలు మాత్రమే తీసుకుని, 0 దగ్గర మొదలుపెట్టి వరసగా కలపండి: 2, 4, 6, 8, 0. ఐదు పక్కల బొమ్మ వస్తుంది. నాలుగో ఎక్కం 4, 8, 2, 6, 0 అని దూకుతూ ఐదు మొనల నక్షత్రం గీస్తుంది. మూడోది పది చుక్కలనూ ముట్టి పది మొనల నక్షత్రమవుతుంది. ఐదోది ఒట్టి అడ్డగీత.

మా పిల్ల ఏడో ఎక్కం గీస్తూ ఆగిపోయింది. "ఇది మూడో ఎక్కమే, వెనక్కి నడుస్తోంది!" నిజమే. ఆరుకూ నాలుగుకూ, ఎనిమిదికీ రెండుకూ ఇదే చుట్టరికం. జతలోని రెండూ కలిస్తే పది.

పదమూడో ఎక్కం దానికింకా రాదు. 13, 26, 39, 52 అని వేళ్ళ మీద కూడుకుంటూ గీసింది. మూడో ఎక్కం నక్షత్రమే వచ్చింది. ఇప్పుడు కొత్త కాగితం మీద 23 అని రాసి పది చుక్కలు పెట్టుకుంది, గీతలింకా మొదలుపెట్టలేదు.