నిత్యజీవితంలో యోగం

యోగం అనగా కలయిక, ఏకాగ్రత, ఉపాయం అని అర్థాలు. 'యుజ్' అనే సంస్కృత ధాతువు నుండి ఈ పదం ఏర్పడింది. భారతీయ షడ్దర్శనాలలో యోగం ఒకటి. నేడు 'యోగా' అనగానే ఆసనాలే స్ఫురిస్తాయి గాని, శాస్త్రం ప్రకారం ఆసనం ఎనిమిది అంగాలలో ఒకటి మాత్రమే. యోగం సన్యాసులు అడవులలో, గుహలలో చేసే సాధన అనీ, గృహస్థులకు, స్త్రీలకు, కొన్ని కులాలవారికి అందులో అధికారం లేదనీ చాలాకాలం ఒక అభిప్రాయం ఉండేది. ఈ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చి యోగాన్ని సామాన్యుల ముంగిటికి తెచ్చినవారిలో తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పుట్టినవారు, అక్కడ స్థిరపడినవారు కొందరు ప్రముఖులు. ఈ వ్యాసంలో పేర్కొన్న తరిగొండ, మదనపల్లె, ఏర్పేడు, శ్రీకాళహస్తి, తిరుపతి 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజన వరకు చిత్తూరు జిల్లాలోనివే.

శాస్త్రంలో యోగం

యోగదర్శనానికి మూలగ్రంథం పతంజలి యోగసూత్రాలు. ఇందులో సమాధి, సాధన, విభూతి, కైవల్య అనే నాలుగు పాదాలు, సుమారు 195 సూత్రాలు ఉన్నాయి. చిత్తవృత్తులను నిరోధించడమే యోగమని పతంజలి నిర్వచించాడు. అందుకు అభ్యాసం, వైరాగ్యం అనే రెండు సాధనాలను చెప్పాడు. అష్టాంగాలు ఇవి:

* యమం: అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం).
* నియమం: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం.
* ఆసనం: స్థిరంగా, సుఖంగా కూర్చోగలగడం.
* ప్రాణాయామం: ఉచ్ఛ్వాస నిశ్వాసాల క్రమబద్ధీకరణ.
* ప్రత్యాహారం: ఇంద్రియాలను విషయాల నుండి మరలించడం.
* ధారణ: మనస్సును ఒకచోట నిలపడం.
* ధ్యానం: ఆ నిలకడ ఎడతెగక సాగడం.
* సమాధి: ధ్యానించే వస్తువు తప్ప తాననే భావన మిగలని స్థితి.

మొదటి అంగమైన యమం పూర్తిగా ఇతరులతో మెలిగే తీరుకు సంబంధించినది కావడం గమనార్హం. ఆసనాన్ని గురించి పతంజలి చెప్పిన సూత్రాలు మూడు మాత్రమే. నేడు వేస్తున్న ఆసనాలలో కొన్ని హఠయోగ గ్రంథాల నుండి వచ్చాయి. 15వ శతాబ్దికి చెందిన స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక వీటిలో ప్రసిద్ధమైనది. అందులో వర్ణించినవి 15 ఆసనాలు. తరగతులలో నేడు కనిపించే అభ్యాస పద్ధతి 20వ శతాబ్దంలో మైసూరులో బోధించిన తిరుమలై కృష్ణమాచార్యులు, ఆయన శిష్యుల ద్వారా చాలావరకు రూపుదిద్దుకున్నది.

భగవద్గీత యోగాన్ని కర్మతో ముడిపెట్టింది. జయాపజయాలలో సమభావం, చేసే పనిలో నేర్పు యోగమని చెప్పింది. ఆహారంలోను, నిద్రలోను, పనిలోను మితం పాటించేవానికే యోగం సిద్ధిస్తుందని ఆరవ అధ్యాయంలో ఉంది. సంసారంలో ఉన్నవారికి ఇది ముఖ్యమైన ఆధారం.

తరిగొండ వెంగమాంబ

తరిగొండ వెంగమాంబ (1730-1817) బాల్యంలోనే భర్తను కోల్పోయింది. వితంతువులకు విధించిన ఆచారాలను ఆమె అంగీకరించలేదని ఆమె చరిత్రలు తెలుపుతున్నాయి. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. తరువాత తిరుమల చేరి, తుంబురుకోనలో యోగసాధన చేసింది. రాజయోగామృతసారము, వాసిష్ఠ రామాయణము, అష్టాంగ యోగసారము మొదలైన గ్రంథాలను తెలుగులో రచించింది. సంస్కృతం చదివే అవకాశం లేనివారికి, ముఖ్యంగా స్త్రీలకు, యోగవిద్య వారి భాషలోనే అందింది. అధికారం లేదన్న విద్యలో ఒక స్త్రీ గ్రంథకర్త్రి కావడం ఇందులోని విశేషం.

ఏర్పేడు, శ్రీకాళహస్తి ఆశ్రమాలు

మలయాళస్వామి (1885-1962) కేరళలో జన్మించాడు. నారాయణగురు శిష్యుడైన శివలింగస్వామి వద్ద విద్య నేర్చాడు. తిరుమలలోని గోగర్భం వద్ద అనేక సంవత్సరాలు తపస్సు చేసి, 1926లో ఏర్పేడు వద్ద వ్యాసాశ్రమాన్ని స్థాపించాడు. ఓంకారాన్ని ఉచ్చరించే, వేదాంతం చదివే అధికారం కులభేదం, స్త్రీపురుష భేదం లేకుండా అందరికీ ఉన్నదని బోధించాడు. బాలికలకు సంస్కృత విద్య నేర్పే ఏర్పాటు చేశాడు. ఆయన గ్రంథాలలో ఒకటి శుష్కవేదాంత తమోభాస్కరము. ఆచరణ లేని మాటల వేదాంతం చీకటి వంటిదనీ, దానికి సూర్యుడు కావాలనీ ఆ పేరే చెబుతుంది.

ఆయన శిష్యుడు విద్యాప్రకాశానందగిరి స్వామి (1914-1998) 1950లో శ్రీకాళహస్తిలో శుకబ్రహ్మాశ్రమాన్ని నెలకొల్పాడు. ఊరూరా గీతాజ్ఞాన యజ్ఞాలు నిర్వహించాడు. ఆయన రచించిన గీతామకరందంలో ప్రతి శ్లోకానికి ప్రతిపదార్థం, తాత్పర్యం, వివరణ, ప్రశ్నోత్తరాలు ఉంటాయి. గురువు దగ్గర లేకపోయినా పాఠకుడు ఇంట్లో కూర్చుని చదువుకొనే విధంగా ఈ ఏర్పాటు ఉంది. శ్రీకాళహస్తిలోని కంటి ఆసుపత్రి కూడా ఈ ఆశ్రమ సేవాకార్యక్రమాలలోనిదే.

మదనపల్లె: రెండు దృక్పథాలు

జిడ్డు కృష్ణమూర్తి (1895-1986) మదనపల్లెలో జన్మించాడు. సత్యాన్ని ఏ గురువూ, ఏ సాధనా పద్ధతీ ఇవ్వజాలవని 1929 నుండి జీవితాంతం చెప్పాడు. అయినప్పటికీ బి.కె.ఎస్. అయ్యంగార్, టి.కె.వి. దేశికాచార్ ల వద్ద ఆసన ప్రాణాయామాలు నేర్చుకొని నియమంగా చేసేవాడు. ఆయన దృష్టిలో ఆసనాలు శరీరారోగ్యానికి పనికివస్తాయి. మనస్సు మారాలంటే మాత్రం కోపం, భయం, అసూయ పుట్టే క్షణంలోనే వాటిని గమనించాలి. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాల ఆయన ఆలోచనల ఆధారంగా ఏర్పడింది.

శ్రీ ఎం. (ముంతాజ్ అలీ) కేరళలోని ఒక ముస్లిం కుటుంబంలో జన్మించి, నాథ సంప్రదాయంలో యోగసాధన చేశాడు. గృహస్థుడైన ఈయన మదనపల్లెలో సత్సంగ్ ఫౌండేషన్ స్థాపించాడు. 2015-16 సంవత్సరాలలో మతసామరస్యం కోసం కన్యాకుమారి నుండి కాశ్మీరు వరకు పాదయాత్ర చేశాడు. 2020లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారం ప్రకటించింది. కృష్ణమూర్తి పద్ధతిని నిరాకరించగా, శ్రీ ఎం. గురుశిష్య పరంపరను అంగీకరించాడు. కుటుంబాన్ని, పనిని విడిచిపెట్టనవసరం లేదన్న విషయంలో వీరిరువురికీ భేదం లేదు.

విద్యాలయాలలో, ప్రజాజీవితంలో

తిరుపతిలో 1961లో ఏర్పడిన కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైంది. ఇక్కడ సాంఖ్యయోగ శాస్త్రాలు బోధిస్తారు. ఆయుర్వేద వైద్యవిద్యలో స్వస్థవృత్తం అనే పాఠ్యాంశంలో యోగం ఒక భాగం. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో జూన్ 21ని అంతర్జాతీయ యోగ దినోత్సవంగా ప్రకటించింది. 2025లో జాతీయస్థాయి ప్రధాన కార్యక్రమం విశాఖపట్నంలో జరిగింది.

దినచర్యలో ఆచరణ

పై గురువుల బోధనలను బట్టి, పనిపాటలు చేసుకొనేవారు యోగానికి వేరే జీవితాన్ని వెతుక్కోనక్కరలేదు. తూకంలో మోసం చేయని వ్యాపారి సత్యాన్ని, అస్తేయాన్ని పాటిస్తున్నట్లే. చదివేటప్పుడు సెల్‌ఫోనును పక్క గదిలో ఉంచే విద్యార్థి ప్రత్యాహారాన్ని, పుస్తకంపై మనస్సు నిలిపినప్పుడు ధారణను అభ్యసిస్తాడు. అలిపిరి మెట్లు ఎక్కే భక్తుడు శ్వాసకు తగినట్లు అడుగు వేస్తే ఆయాసం తగ్గడం అనుభవంలో తెలుస్తుంది. పరీక్షకు శ్రద్ధగా చదివి, ఫలితాన్ని గురించిన ఆందోళనను పక్కన పెట్టడం కర్మయోగానికి ఉదాహరణ. ఆసన ప్రాణాయామాలకు ఉదయం, ఖాళీ కడుపుతో 20 నుండి 30 నిమిషాలు కేటాయించవచ్చు. ఒకరోజు రెండు గంటలు చేసి వారం రోజులు మానడం కంటే, రోజూ కొద్దిసేపు చేయడం మేలు.

జాగ్రత్తలు

దీర్ఘకాలిక నడుమునొప్పికి మందులు లేని చికిత్సలలో ఒకటిగా యోగాను అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సిఫార్సు చేసింది. అంతమాత్రాన యోగం అన్ని వ్యాధులకు మందు అనుకోరాదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా మందులు మానరాదు. గ్లకోమా ఉన్నవారు శీర్షాసనం వేస్తే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు, శస్త్రచికిత్స చేయించుకున్నవారు తెలిసినవారి పర్యవేక్షణలోనే అభ్యసించాలి. వృద్ధులు కుర్చీలో కూర్చునే తేలికపాటి ఆసనాలు, నెమ్మదైన శ్వాసాభ్యాసం చేయవచ్చు. శరీరం వంగకపోయినా యమనియమాలు పాటించడానికి ఆటంకం లేదు. ఆ విధంగా యోగంలో మొదటి రెండు మెట్లు అన్ని వయసులవారికీ అందుబాటులోనే ఉన్నాయి.