తీరయాత్రను ఎన్నుకోవడం ఎలా? ఒమన్ రేవులలో నేర్చుకొన్న పాఠం



మన మారిషస్ తెలుగు కుటుంబాలలో ఉద్యోగ విరమణ చేసినవారు, పిల్లలు పరదేశాలలో స్థిరపడినవారు ఈ మధ్య పెద్ద ఓడలలో విహారయాత్రలకు పోతున్నారు. వెళ్ళేముందు కొందరు నన్ను సలహా అడుగుతున్నారు. నేను బడిలో పాఠాలు చెప్పుకొనే దానిని. తెలుగు కూడా నాకు ఇంట్లో వచ్చినది కాదు, మన మందిరంలో శనివారపు తరగతులలో నేర్చుకొన్నది. అందుచేత భాషలో లోపాలుంటే పెద్దలు మన్నించాలి. విషయం మాత్రం అనుభవించి తెలుసుకొన్నదే.

2019 నవంబరులో, బడి సెలవులలో, మా అక్కయ్యా నేనూ గ్రీసు దేశంలో ఓడ ఎక్కాము. అది సూయెజ్ కాలువ దాటి, ఎర్ర సముద్రం గుండా వచ్చి, ఒమన్ దేశంలోని సలాలా, మస్కట్ రేవులలో ఆగి దుబాయి చేరింది. సూయెజ్ కాలువను 1869 నవంబరు 17న తెరిచారు. దాని పొడవు నేడు 193 కిలోమీటర్లు. ఓడలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా పోవాలి గనుక దాటడానికి ఇంచుమించు పగలంతా పట్టింది. ఆ రోజు ఎవరూ దిగరు. పై అంతస్తులో నిలబడి రెండు వైపులా ఇసుకను చూడడమే.

కాలువ దాటిన తరువాత సలాలా వరకు నాలుగైదు రోజులు నీళ్ళే. నేల కనబడక మనసు తొందరపడుతుంది. సరిగ్గా అప్పుడే ఓడవారు తీరయాత్రల జాబితా చేతికిస్తారు. రేవులో దిగినవారిని బస్సులో తీసుకొనిపోయి, ఊరు చూపించి, మళ్ళీ ఓడ దగ్గర దింపే ఏర్పాటునే తీరయాత్ర అంటున్నాను. జాబితాలో అన్నీ అందమైన బొమ్మలే. బొమ్మను చూసి ఎన్నుకోవడమే మొదటి పొరపాటు.

సలాలా సంగతే తీసుకోండి. బొమ్మలో పచ్చని కొండలు, జలపాతాలు కనబడతాయి. అది అబద్ధం కాదు. కాని ఆ పచ్చదనం జూన్ నుండి సెప్టెంబరు వరకు ఉండే ‘ఖరీఫ్’ అనే తుంపర వానలది. విహార ఓడలు వచ్చేది ఎక్కువగా చలికాలంలో. మేము వెళ్ళేటప్పటికి కొండలు గోధుమ రంగుకు తిరిగాయి. జలపాతం కోసం బస్సెక్కిన వారు చిన్నబోయి తిరిగివచ్చారు.

మేము ఊరిలోనే ఉన్న అల్ బలీద్ అనే పాత రేవు పట్టణపు శిథిలాలకు వెళ్ళాము. లుబాన్ అనే ధూపపు జిగురు ఆ తీరం నుండే దూరదేశాలకు పోయేది. ఈ ‘ధూపభూమి’ని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. నిప్పు మీద వేస్తే మన సాంబ్రాణి పొగ గుర్తుకు వస్తుంది, అయితే చెట్టు వేరు. ఊరి అంచున కొబ్బరి, అరటి తోటలున్నాయి. దారి ప్రక్కన దుకాణంలో కొబ్బరిబొండాం త్రాగి అక్కయ్య, “ఇది మన ఊరే” అన్నది. ఎక్కువ నడవలేదు, ఎక్కువ ఖర్చు కాలేదు, ఇద్దరమూ సంతోషించాము.

మస్కట్‌లో మాత్రం నేను తప్పు చేశాను. అక్కయ్యకు మోకాళ్ళ నొప్పులు. ఓడ ఎక్కేముందు ఆమె పసుపు గుడ్డలో ముడుపు కట్టుకొన్నది. దారిలో వచ్చే మొదటి శివాలయంలో సమర్పించాలని మొక్కు. మస్కట్ పాతబస్తీలో, అల్ ఆలం రాజభవనం దగ్గర, గుజరాతీ వర్తకులు చాలా కాలం క్రిందట కట్టుకొన్న మోతీశ్వర మహాదేవుని గుడి ఉన్నది. రేవుకు అది కొద్ది కిలోమీటర్ల దూరమే. కాని ఓడవారి జాబితాలో దాని పేరు లేదు. జాబితాలో పెద్ద బొమ్మతో ఉన్నది నిజ్వా కోట. అంత దూరం వచ్చి కోట చూడకుండా పోవడమా అని నేను పట్టుబట్టాను.

లెక్క వేసి ఉంటే తెలిసేది. ఓడ ఆగేది ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం ఐదు వరకు, అంటే తొమ్మిది గంటలు. దిగడానికి, బస్సుల వరుసకు ఒక గంట. బయలుదేరే వేళకు ముందే ఓడ ఎక్కాలి, అది మరొక గంట. మిగిలినవి ఏడు. నిజ్వా సుమారు 150 కిలోమీటర్లు. రానూ పోనూ నాలుగు గంటలు బస్సులోనే గడిచాయి. భోజనానికి ఒక గంట. కోటకు, బజారుకు కలిపి రెండు గంటలు. 17వ శతాబ్దంలో ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన ఆ కోట నిజంగా గొప్పదే. కాని దాని గుండ్రని బురుజు ఎక్కడానికి ఇరుకు మెట్లు. నేను ఎక్కాను. అక్కయ్య క్రింద నీడలో కూర్చున్నది. “కోట గోడ చూశాను, బస్సు సీటు చూశాను” అని నవ్వింది. ముడుపు మాత్రం ఆమె సంచిలోనే మారిషస్‌కు తిరిగివచ్చింది. ఇప్పుడు ఆమె దూర ప్రయాణాలు చేయలేదు.

కనుక మస్కట్‌కు పోయేవారు ఈ విషయాలు గుర్తుంచుకోండి. విహార ఓడలు ఆగే సుల్తాన్ ఖాబూస్ రేవు మత్రా పేటలోనే ఉన్నది. రేవు ద్వారం దాటితే సముద్రపు ఒడ్డున చక్కని నడకదారి, దాని ప్రక్కనే పాత బజారు. బజారు మధ్యాహ్నం మూతపడి సాయంత్రం తెరుస్తారు గనుక ఉదయమే వెళ్ళండి. 2001లో తెరిచిన సుల్తాన్ ఖాబూస్ మహా మసీదులో, సుమారు ఆరువందల మంది నాలుగేళ్ళు నేసిన 21 టన్నుల తివాచీ ఉన్నది. ఇతర మతస్థులను ఉదయం ఎనిమిది నుండి పదకొండు వరకే రానిస్తారు, శుక్రవారం రానివ్వరు. స్త్రీలు తల, చేతులు, కాళ్ళు కప్పుకోవాలి. మధ్యాహ్నపు యాత్రను ఎన్నుకొంటే గోపురం బయటినుండి చూడడమే. గుడికి పోదలచినవారు గుడి వేళలు ముందే విచారించి, టాక్సీలో వెళ్ళవచ్చు.

టాక్సీ ఎక్కేముందు బాడుగ మాట్లాడుకోండి. రియాల్ పేరు విని రూపాయి అనుకోవద్దు. ఒక ఒమన్ రియాల్ సుమారు 2.60 అమెరికా డాలర్లు. మరొక సంగతి. ఓడవారి యాత్రలో బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఆగదు. కాబట్టి దూరపు చోట్లకు ఓడవారితో, దగ్గరి చోట్లకు సొంతంగా పోవడం మేలు.

ఈ దారిని గూర్చి ఒక హెచ్చరిక. 2023 నవంబరు నుండి ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు జరిగాయి. అప్పుడు చాలా ఓడ కంపెనీలు ఆ మార్గం మానుకొన్నాయి. కొన్ని ఆఫ్రికా ఖండాన్ని చుట్టివచ్చాయి. డబ్బు కట్టేముందు ఓడ ఏ దారిన పోతుందో, రేవు మారితే యాత్ర సొమ్ము తిరిగి ఇస్తారో లేదో, మన పాస్‌పోర్టుకు వీసా కావాలో అక్కరలేదో అడిగి తెలుసుకోండి.

మన పూర్వీకులు కోరంగి నుండి, మద్రాసు నుండి ఓడ ఎక్కినప్పుడు వారికి జాబితా ఎవరూ ఇవ్వలేదు. పోర్ట్ లూయిస్‌లో పదహారు మెట్లు ఎక్కి, డిపోలో నిరీక్షించి, పంపిన తోటకు పోయారు. ఎక్కడ దిగాలో ఎన్నుకొనే అవకాశం వారికి దాదాపు లేదు. అది మనకు వచ్చింది. బొమ్మలు చూసి దానిని పాడుచేసుకోకూడదు. మొదట గడియారం చూడండి, తరువాత నెల చూడండి. అన్నిటికంటె ముందు, ప్రక్కన ఉన్న మనిషిని “నీకు ఏమి చూడాలని ఉన్నది?” అని అడగండి. నేను ఆ ప్రశ్న అడగలేదు. ఆ ముడుపును అక్కయ్య మన మందిరంలోనే సమర్పించింది. దేవుడు స్వీకరించే ఉంటాడు. నాకు మాత్రం ఆ బాకీ తీరలేదు.