తేమ గాలిలో స్పీకర్ డబ్బా: జిగురు, పాలిష్ విశేషాలు

అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో ఇంట్లోనే చెక్క స్పీకర్ డబ్బా చేసుకునేవారికి మొదటి శత్రువు తేమ. అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు, బాగా ఆరిన చెక్క కూడా తన పొడి బరువులో దాదాపు ఆరో వంతు నీరు పట్టుకుంటుంది. జిగురైనా పాలిష్ అయినా ఇక్కడ మెరుపు చూసి కొనకూడదు, తేమకు ఎంత ఆగుతుందో చూసి కొనాలి.

తేమ జిగురును ఏం చేస్తుందో ఒక విమానం కథ చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నడిపిన మస్కిటో చెక్క విమానం. మొదట్లో దాన్ని పాల నుంచి తీసే కేసీన్ జిగురుతో అతికించేవారు. అది తేమకు, బూజుకు లొంగిపోతుంటే ఫార్మాల్డిహైడ్ జిగుర్లకు మారారు. అయినా 1944లో మన దేశంలో రెక్కల అతుకులు వీడి కొన్ని మస్కిటోలు కూలాయి. దర్యాప్తులో తేమతోపాటు సరిగా కుదరని అతుకులూ బయటపడ్డాయి. పలకలు సరిగ్గా కూర్చోకపోతే ఎంత ఖరీదైన జిగురూ ఆదుకోదు.

మామూలు తెల్ల ఫెవికాల్ అతుకు నీటికి మెత్తబడుతుంది. మాయాబందర్‌లో మెరైన్ రకమే సరైనది. సందు నింపాల్సి వస్తే ఇపాక్సీ.

ఇక పలకల సంగతి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌ను 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు, పొరలు విడిపోకూడదు. ఎండీఎఫ్ అలా కాదు. నీళ్లు తగిలి ఉబ్బితే, ఆరాక కూడా మునుపటి మందానికి రాదు.

అండమాన్ పడౌక్, మన శేషాచలం ఎర్రచందనం, వేగిస ఒకే ప్రజాతి చెట్లు. పడౌక్ ఎరుపు స్పిరిట్‌లో కరుగుతుంది. పక్కన తెల్లచెక్క పట్టీ ఉంటే, స్పిరిట్‌తో చేసే లక్క పాలిష్ పూసే గుడ్డ ఆ రంగును దానికీ పులిమేస్తుంది. 2002లో సుప్రీంకోర్టు ఈ దీవుల్లో చెట్ల నరికివేతకు కళ్లెం వేసింది కాబట్టి, కొత్త కలప వెతకడం కంటే పాత తలుపు పలక వాడుకోవడం మేలు.

వానరోజున లక్క పాలిష్ వేస్తే పలక మీద పాలపొరలా తెలుపు తేలుతుంది. స్పిరిట్ ఆవిరవుతూ పలకను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పూతలో చిక్కుకుంటుంది. గాలి పొడిగా ఉన్న పూట స్పిరిట్ తడిపిన గుడ్డతో తేలిగ్గా తుడిస్తే చాలావరకు పోతుంది. ఏటికొప్పాక బొమ్మలకు ఈ బెడద లేదు. తరిణి మీద తిరిగే అంకుడు కొయ్యకు లక్క కడ్డీని ఆనిస్తే ఒరిపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, స్పిరిట్‌తో పనే లేదు. నలుచదరపు డబ్బాకు ఆ పద్ధతి కుదరదు, లక్క పాలిష్ వానకు తెల్లబడుతుంది కాబట్టి మనకు వార్నిషే దిక్కు.

ఆ వార్నిష్ డబ్బా లోపల కూడా వేయండి. బయట మాత్రమే వేస్తే పలక లోపలి వైపు నుంచి తేమ పీల్చి వంగుతుంది. అంతా మూసి ఉన్న డబ్బా అయితే, స్పీకర్ బిగించాక కోన్‌ను వేళ్లతో అన్నివైపులా సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నిదానంగా పైకొస్తే అతుకులు గట్టిగా ఉన్నట్టు. టక్కున లేస్తే ఎక్కడో గాలి కారుతోంది, స్పీకర్ విప్పి లోపలి మూలల్లో మరోసారి జిగురు పట్టించండి.