సైకిలు పంపు ఎందుకు వేడెక్కుతుంది?

సైకిలు ట్యూబుకు గాలి కొట్టాక పంపు అడుగుభాగాన ఎప్పుడైనా చెయ్యి వేసి చూశారా? చురుక్కుమంటుంది. రాపిడి వల్ల అంటారు చాలామంది. రాపిడి కొంత ఉన్నమాట నిజమే. కానీ రాపిడే అసలు కారణమైతే పిస్టన్ ఆడే పొడుగంతా ఒకేలా వేడెక్కాలి కదా! అడుగునే ఎక్కువ వేడి, ఎందుకంటే గాలి నొక్కుకుపోయేది అక్కడే.

మీరు కూర్చున్న గదిలో నత్రజని అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరుగులు తీస్తున్నాయి. వాటి కదలికల శక్తినంతా కలిపితే అది ఆ వాయువు అంతర్గత శక్తి. కిందికి దిగే పిస్టన్‌కు తగిలిన అణువు, ఎదురొచ్చే బ్యాటుకు తగిలిన బంతిలాగా, మరింత వేగంతో వెనుదిరుగుతుంది. నిప్పు లేదు, పొయ్యి లేదు. మన చెయ్యి చేసిన పనే అంతర్గత శక్తిగా మారి ఉష్ణోగ్రతను పెంచింది. ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ కలిపి మనం 'వేడి' అనే ఒక్క మాటే వాడతాం. సగం తికమక అక్కడినుంచే వస్తుంది.

మరి వాయువు వ్యాకోచిస్తే చల్లబడాలి కదా అంటారేమో. 'వ్యాకోచిస్తే చల్లబడుతుంది' అని బట్టీపట్టిన విద్యార్థి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. వాల్వు నొక్కితే వచ్చే గాలి చల్లగా ఉంటుంది. బయటి గాలిని తోసుకుంటూ రావడానికి అది తన శక్తినే ఖర్చుపెట్టాలి. తోయడానికి ఎదురుగా ఏమీ లేకపోతే?

ఇంగ్లండులో జౌల్ ఈ ప్రశ్ననే పరీక్షించి 1845లో ఫలితం ప్రకటించాడు. రెండు రాగి పాత్రలు. ఒకదానిలో 22 వాతావరణాల పీడనంతో గాలి, రెండోదానిలో శూన్యం. రెంటినీ నీటిలో ముంచి మధ్య కుళాయి తిప్పాడు. గాలి రెండో పాత్రలోకి దూసుకుపోయింది. నీటిలోని థర్మామీటరు మాత్రం కదలలేదు! చోటు పెరిగినా, పీడనం తగ్గినా శక్తి మారలేదన్నమాట. అణువుల మధ్య ఆకర్షణ లేదనుకునే ఆదర్శ వాయువుకు అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదనే ఆధారపడుతుంది. ఒక మోల్ హీలియంకు డిగ్రీకి 12.5 జౌళ్లు చాలు. నత్రజనికి 20.8 కావాలి, దాని జంట పరమాణువులు గిరగిర తిరుగుతాయి కూడా కనుక. హీలియం శక్తి రెట్టింపు కావాలంటే 27 డిగ్రీలను 54 చేస్తే చాలదు. పరమ ఉష్ణోగ్రత 300 నుంచి 600కు, అంటే మన లెక్కలో 327 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి.

నిజానికి జౌల్ గాలి కాస్త చల్లబడే ఉంటుంది. అంత నీటిలో ఆ కొంచెం తేడా బయటపడలేదు, అంతే. 1852 నుంచి థామ్సన్‌తో కలిసి మరో పద్ధతిలో ఆయనే ఆ స్వల్ప తేడాను పట్టుకున్నాడు. నిజమైన వాయువుల్లో అణువులు ఒకదాన్నొకటి కొద్దిగా లాక్కుంటాయి మరి. 1895లో జర్మనీలో లిండే గాలిని ద్రవంగా మార్చింది ఆ కాస్త చల్లదనాన్ని మళ్లీ మళ్లీ పోగుచేసే.