పందెపు కారు చక్రము చెప్పు సాక్ష్యము

కారు పందెముల ఛాయాచిత్రములు పత్రికలలో తరచుగా కనబడుచుండును. ఒక చిత్రములో కారు గీత గీసినట్లు స్పష్టముగా ఉండును. కాని అది రోడ్డు ప్రక్కన నిలిపి ఉంచిన కారువలె తోచును. మరియొక దానిలో వెనుకనున్న చెట్లు, జనము చారలు చారలుగా చెరిగిపోయి, కారు మాత్రము దూసికొనిపోవుచున్నట్లుండును. వేరొక దానిలో చక్రములు గుండ్రముగా ఉండక, కోడిగ్రుడ్డువలె ముందుకు వాలి కనబడును. ఈ మూడును నిజమైన కార్లను నిజమైన కెమేరాలతో తీసిన చిత్రములే. అయినచో వీనిలో ఏది సత్యము? ఛాయాచిత్రమును సాక్ష్యముగా నమ్ము ఈ కాలములో ఇది కేవలము వేడుకకు వేయు ప్రశ్న కాదు. దీనికి సమాధానము చిత్రములోనే ఉన్నది. కారు చక్రమును పరిశీలించినచో అది బయటపడును.

ఒక బాట, ఒక లెక్క

ఇంగ్లండు దక్షిణ తీరమునకు సమీపమున, చిచెస్టరు పట్టణము వద్ద గుడ్‌వుడ్ అను పందెపు బాట కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అది యుద్ధవిమానముల స్థావరము. విమానక్షేత్రము చుట్టు వేసిన దారియే 1948 సెప్టెంబరులో కార్ల పందెములకు తెరువబడినది. దాని చుట్టుకొలత 3.86 కిలోమీటర్లు. 1965లో జిమ్ క్లార్క్, జాకీ స్టీవర్ట్ అను ప్రసిద్ధ చోదకులు ఇద్దరును ఒకే పందెములో దీనిని 80.4 సెకండ్లలో చుట్టివచ్చిరి. అనగా, మలుపులన్నిటితో కలిపి, సగటు వేగము గంటకు 173 కిలోమీటర్లు. 1966లో అక్కడ పందెములు నిలిచిపోయినవి. మరల 1998 నుండి సెప్టెంబరు మాసములో పాతకాలపు కార్లతో పందెములు జరుపుచున్నారు. 1962 నాటి ఫెరారీ 250 జి. టి. ఓ. వంటి కార్లను అక్కడ చూడవచ్చును. మూడు లీటర్ల ఘనపరిమాణము, పండ్రెండు సిలిండర్లు గల దాని ఇంజను సుమారు 300 అశ్వసామర్థ్యము గలది. దాని చక్రములకు సైకిలు చక్రములకు వలె సన్నని స్పోకులుండును. మన పరిశీలనకు ఈ స్పోకులే ముఖ్యము.

అట్టి కారు గంటకు 180 కిలోమీటర్ల వేగముతో మన ముందు అడ్డముగా పోవుచున్నదనుకొందము. అనగా సెకండుకు 50 మీటర్లు. మనము 50 మీటర్ల దూరమున నిలిచి, 200 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకముతో చిత్రము తీయుచున్నాము. నాభ్యంతరమును దూరముచే భాగించినచో, కెమేరాలో ఏర్పడు ప్రతిబింబము అసలు వస్తువులో 250వ వంతు అని తేలును. నాలుగు మీటర్ల కారు 16 మిల్లీమీటర్ల ప్రతిబింబముగా అమరును.

కెమేరాలో కాంతిని లోనికి విడిచి మరల మూయు సాధనమును షట్టరు అందురు. అది సెకండులో 1/1000 వంతు కాలము మాత్రమే తెరచుకొన్నదనుకొందము. ఇది చాల స్వల్పకాలమే. అయినను ఆ వ్యవధిలో కారు 5 సెంటీమీటర్లు ముందుకు జరుగును. దానిలో 250వ వంతు, అనగా 0.2 మిల్లీమీటరు మేర ప్రతిబింబము కదలును. ఈ పరిమాణపు చిత్రములలో సాధారణముగా 0.03 మిల్లీమీటరు వరకు కలుగు మసకను కన్ను గుర్తింపదని ఛాయాగ్రాహకులు లెక్కింతురు. ఇక్కడ మసక దానికి ఆరేడు రెట్లున్నది. చిత్రము స్పష్టముగా రావలెనన్న షట్టరు సుమారు 1/6700 సెకండులో మూసికొనవలెను. నేటి మంచి కెమేరాలలో 1/8000 సెకండు వరకు వీలున్నది కాని, పాతకాలపు కెమేరాలలో అది సాధ్యము కాదు.

అదే కారును ఎదురుగా నిలిచి చూచినచో లెక్క మారిపోవును. కారు మన వైపునకే వచ్చుచున్నది గనుక ప్రతిబింబము ప్రక్కకు జరుగదు. కొంచెము పెద్దదగును, అంతే. 1/1000 సెకండులో 50 మీటర్ల దూరము 5 సెంటీమీటర్లు తగ్గును. అనగా ప్రతిబింబము వెయ్యవ వంతు పెరుగును. 1.6 మీటర్ల వెడల్పు గల కారు ప్రతిబింబము 6.4 మిల్లీమీటర్లు గనుక పెరుగుదల 0.0064 మిల్లీమీటరు మాత్రమే. దీనిని కన్ను గుర్తింపదు. పందెములలో అనేక చిత్రములు మలుపు వద్ద, కారు ఎదురుగా వచ్చుచున్నపుడు తీయబడుటకు ఇదియొక కారణము.

కారుతోపాటు తిరుగు కెమేరా

అడ్డముగా పోవు కారును చక్కగా తీయుటకు మరియొక ఉపాయము కలదు. కెమేరాను కదలకుండ పట్టుకొనుటకు బదులు, నడుము త్రిప్పుచు కారును వెంబడించి, ఆ త్రిప్పుట ఆపకుండగనే మీట నొక్కవలెను. ఎంత వేగముగా త్రిప్పవలెను? కారు వేగమును దూరముచే భాగించినచో కోణీయ వేగము వచ్చును. 50ని 50చే భాగింపగా సెకండుకు ఒక రేడియన్, అనగా సుమారు 57 డిగ్రీలు. ఇది మనిషికి అసాధ్యమైనది కాదు, అభ్యాసము కావలెను.

ఇట్లు త్రిప్పునపుడు కారు ప్రతిబింబము కెమేరాలో ఒక్కచోటనే నిలిచియుండును. అపుడు షట్టరును 1/125 సెకండు వరకు తెరచి ఉంచినను కారు స్పష్టముగానే పడును. కాని నేలమీద కదలక నిలిచిన చెట్లు, కంచెలు కెమేరా దృష్టిలో వెనుకకు పరుగెత్తును. మన లెక్క ప్రకారము దూరపు వస్తువుల ప్రతిబింబములు ఆ వ్యవధిలో 1.6 మిల్లీమీటర్లు జరిగి చారలగును. నిలిచినవి చెరిగిపోయి, పరుగెత్తునది నిలిచినట్లు పడును! ఇది కెమేరా చేసిన మోసము కాదు. మన కన్ను ఒక కారును వెంబడించునపుడు జరుగునదియు ఇదియే.

చక్రమును చదువుట

ఇపుడు స్పోకులను చూతము. దొర్లు చక్రములోని భాగములన్నియు ఒకే వేగముతో పోవు. కారు వేగము సెకండుకు 50 మీటర్లయినపుడు ఇరుసు ఆ వేగముతోనే పోవును. చక్రములో నేలను తాకు బిందువు ఆ క్షణమున నిశ్చలముగా ఉండును; జారకుండ దొర్లుటయనగా అదియే. అన్నిటికంటె పైనున్న బిందువు దానికి రెండు రెట్లు, అనగా సెకండుకు 100 మీటర్ల వేగముతో ముందుకు పోవును.

కావున కెమేరాను కదల్పక తీసిన చిత్రములో చక్రపు అడుగు భాగమున స్పోకులు కొంత స్పష్టముగను, పై భాగమున బొత్తిగా చెరిగియు ఉండును. కెమేరాను కారుతోపాటు త్రిప్పి తీసిన చిత్రములో ఇరుసు నిలిచినట్లుండి, స్పోకులు చుట్టును సమానముగా చెరిగియుండును. చక్రపు వ్యాసము 65 సెంటీమీటర్లయినచో దాని పరిధి సుమారు 2.04 మీటర్లు, సెకండుకు 24కు పైగా చుట్లు తిరుగును. 1/125 సెకండులో అది దాదాపు 70 డిగ్రీలు తిరుగును గనుక స్పోకులన్నియు కలిసి ఒక పలుచని బిళ్ళవలె కనబడును. షట్టరు కాలము 1/8000 సెకండయినచో చక్రము ఒక డిగ్రీ కంటె కొంచెము మాత్రమే ఎక్కువ తిరుగును. అపుడు ప్రతి స్పోకును లెక్కింపవచ్చును. కాని కారు నిలిచియున్నట్లు తోచును. మొదట చెప్పిన నిశ్చలమైన కారు రహస్యమిదే. అందుచేతనే అనుభవజ్ఞులైన ఛాయాగ్రాహకులు, మంచి కెమేరా చేతనున్నను, అత్యల్ప కాలమును కోరక, చక్రము తిరుగుచున్నట్లు కనబడునంత కాలమును ఎన్నుకొందురు.

వాలిన చక్రము

మిగిలినది కోడిగ్రుడ్డు చక్రము. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము ఫ్రాన్సు దేశీయుడు ఝాక్ ఆన్రీ లార్తీగ్ ఇరువది ఏండ్లయినను నిండకముందు తీసిన చిత్రము. అది 1912 నాటి ఫ్రెంచి గ్రాం ప్రీ పందెములోనిదని చాలకాలము పేర్కొనబడినది. 1913 నాటిదని తరువాతి పరిశీలకులు కొందరు నిర్ణయించిరి. 1963లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల లార్తీగ్ చిత్రములను ప్రదర్శించిన తరువాత ఆయన పేరు లోకమంతట ప్రసిద్ధమైనది. ఈ చిత్రములో కారు చక్రము ముందుకు వాలినది. ప్రక్కన నిలిచిన మనుష్యులు, స్తంభములు వెనుకకు వాలినవి.

ఆ కెమేరాలోని షట్టరు ఒక తెర. దానిలో అడ్డముగా నున్న సన్నని చీలిక గాజుపలక ముందు ఒక అంచు నుండి రెండవ అంచునకు జరుగుచు పోవును. పలకలో ప్రతి భాగమునకును కాంతి సోకునది స్వల్పకాలమే. కాని అన్ని భాగములకును ఒకే సమయమున సోకదు. కెమేరాలో ప్రతిబింబము తలక్రిందులుగా ఏర్పడును గదా! చీలిక పైనుండి క్రిందికి దిగునపుడు మొదట నేల, టైరు అడుగు పడును. తరువాత చక్రపు పై భాగము పడును. ఈలోగా కారు ముందుకు జరుగును. చీలిక చక్రపు అడుగు నుండి పై వరకు పోవుటకు 1/120 సెకండు పట్టినదని, కారు వేగము సెకండుకు 30 మీటర్లని అనుకొన్నచో, చక్రపు పై భాగము 25 సెంటీమీటర్లు ముందుకు జరిగినట్లు పడును. కావున చక్రము వాలినది. మనుష్యులు వెనుకకు వాలుటకు కారణమేమి? లార్తీగ్ కెమేరాను కారు దిక్కునకే త్రిప్పెను గాని, కారంత వేగముగా త్రిప్పలేదు. కెమేరా ముందుకు తిరుగుచుండగా నిలిచిన మనుష్యుల పాదములు మొదట, తలలు తరువాత పడినవి. ఆ విధముగా ఒక్క చిత్రము కారు వేగమునకును, కెమేరా త్రిప్పిన వేగమునకును గల భేదమును భద్రపరచినది.

నేటి కెమేరాలలో ఈ చీలిక చిత్రమంతటిని సుమారు 1/250 సెకండులోనే దాటుచున్నది గనుక ఈ వంపు మిక్కిలి తక్కువ. కాని మన చేతిలోని సెల్‌ఫోనులో అది మరల కనబడును. ఫోనులో తెర ఉండదు. కాంతిని గ్రహించు ఫలకమును యంత్రము వరుస తరువాత వరుసగా చదువును. మంచి వెలుతురులో తిరుగుచున్న సీలింగు ఫానును ఫోనుతో తీసినచో దాని రెక్కలు కొడవళ్ళవలె వంగియుండుట చూడవచ్చును. వంగినది రెక్క కాదు. చదువుటకు పట్టిన కాలము.

దూరముగా నిలిచినను నష్టము లేదు

1955 జూన్ 11న ఫ్రాన్సులోని లె మాన్ పందెములో ఒక కారు గట్టును ఢీకొని, దాని భాగములు జనముమీద పడగా ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. పందెపు బాటకు ఎంత దగ్గరగా నిలిచిన అంత మంచి చిత్రము వచ్చునను భ్రమ ప్రాణాంతకమైనది. పైగా శాస్త్రమునకు విరుద్ధము. దూరమును రెట్టించి 100 మీటర్లు చేసి, కటకపు నాభ్యంతరమును 400 మిల్లీమీటర్లకు రెట్టించినచో ప్రతిబింబ పరిమాణము మారదు, మసక మారదు, వెనుకటి చారల పొడవును మారదు. కెమేరాను త్రిప్పవలసిన వేగము మాత్రము సగమగును. చేతి వణకు రెట్టింపుగా కనబడును గనుక ఒంటికాలి స్టాండు అవసరమగును. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేనుసాగరు ఒడ్డున విద్యుత్ కార్ల పందెము జరిగినది. అట్టి నగరవీథులలో ఇంత దూరము దొరకదు. అందుకే అక్కడ గోడలు, ఇనుపవలలు అత్యవసరము.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

దీనికంతటికి పందెపు కారు అక్కరలేదు. పాఠశాల ఆటస్థలములో ఒక విద్యార్థి సెకండుకు 5 మీటర్ల వేగముతో, అనగా గంటకు 18 కిలోమీటర్లతో, సైకిలు త్రొక్కవలెను. వేరొకరు 5 మీటర్ల దూరమున నిలువవలెను. 5ని 5చే భాగింపగా మరల సెకండుకు ఒక రేడియనే! 50 మీటర్ల దూరమున పోవు పందెపు కారును వెంబడించుటకు కావలసిన అభ్యాసము సైకిలుతోనే కలుగును. షట్టరు కాలమును మార్చు వీలు గల ఫోనైనను చాలును. ఎండలో చిత్రము మిక్కిలి తెల్లబడును గనుక సూర్యాస్తమయము కాగానే ఈ పని చేయవలెను. మొదట ఫోనును కదల్పక 1/60 సెకండులోను, తరువాత సైకిలుతోపాటు త్రిప్పుచు 1/15 సెకండులోను తీయవలెను. మొదటి దానిలో చక్రపు అడుగున స్పోకులు కనబడి పైన చెరిగిపోవలెను. రెండవ దానిలో చుట్టును సమానముగా చెరిగిపోవలెను. ఉపాధ్యాయులు ఈ చిత్రములను తారుమారు చేసి, ఏది ఎట్లు తీసినదో చక్రమును బట్టియే చెప్పుమని విద్యార్థులను అడుగవచ్చును.

మొదటి ప్రశ్నకు సమాధానమిది: మూడు చిత్రములును సత్యములే. ఛాయాచిత్రము ఒక క్షణమును పట్టునది కాదు. ఎంత చిన్నదైనను ఒక కాలవ్యవధిని పట్టునది. ఆ వ్యవధిలో కారు ఎంత కదలినది, కెమేరా ఎంత తిరిగినది, కాంతి ఏ వరుసలో సోకినది అను మూడు విషయములు తెలిసినవానికి చిత్రము అబద్ధమాడదు. తెలియనివానికి నిజమైన చిత్రము కూడ తప్పు సాక్ష్యము చెప్పగలదు.