వార్తల్లో పదం: ఎఫ్‌సీటీ

దూరదర్శన్ ప్రకటనల ఆదాయం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా కనిపించే మాట ఎఫ్‌సీటీ, అంటే ఫ్రీ కమర్షియల్ టైమ్. కార్యక్రమానికి ప్రసార రుసుం కట్టిన ప్రాయోజకుడికో నిర్మాతకో, అందులో ప్రకటనల కోసం విడిగా డబ్బు తీసుకోకుండా ఇచ్చే సెకన్లివి. ప్రైవేటు చానళ్లలో మాత్రం అమ్మకానికి పెట్టే ప్రకటన సమయాన్నంతా ఇలాగే పిలుస్తారు. ధర 10 సెకన్ల చొప్పున. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలే హద్దు, అందులో 2 నిమిషాలు చానల్ సొంత ప్రచారానికి.

బరంపురం పట్టుచీరల దుకాణదారు దసరాకు ప్రకటన ఇవ్వాలంటే డీడీ ఒడియాలోనైనా, ప్రైవేటు ఓటీవీలోనైనా కొనేది రాష్ట్రమంతా చూసే సెకన్లే. బేరం గంజాం జిల్లా దాటనప్పుడు అంత ఖర్చు చిన్న వ్యాపారికి భారం. అందుకే ఊరి కేబుల్ చానల్, ఆకాశవాణి బరంపురం కేంద్రం ఆయన లెక్కలోకి వస్తాయి. రేటుతోపాటు ఏ వేళ, ఏ ఊళ్లకు చేరుతుందో కూడా అడగాలి.